రాతి బలానికి ఒక్క అంకె చాలునా?

దక్కను పీఠభూమి మీద పుట్టి పెరిగిన వారికి రాతిని గురించి చెప్పబూనడం తాతకు దగ్గులు నేర్పడం వంటిదే. గోలకొండ కోటగోడ మొదలుకొని మన ఇంటి గడప వరకు, పొలం చుట్టూ పాతిన కడీల వరకు ఎటు చూచినా రాయే. హైదరాబాదు పరిసరాలలో ఒకదానిమీద ఒకటి పేర్చినట్లు కనిపించే గుండ్లన్నీ సుమారు 250 కోట్ల సంవత్సరాల వయస్సు గల గ్రానైటు శిలలు. ఇంతగా మన జీవితంతో పెనవేసుకొన్న వస్తువు విషయంలో కూడా విద్యావంతులలో ఒక దురభిప్రాయం పాతుకొనిపోయింది. గ్రానైటు బలం ఎంత అని అడిగితే ఇంజనీరింగు చదివే విద్యార్థి తడుముకోకుండా ఒక అంకె చెబుతాడు. పాఠ్యపుస్తకంలో ఉన్నది ఆ అంకెయే. గుత్తేదారు తెచ్చే పరీక్షా పత్రంలోనూ ఒక్క అంకెయే ఉంటుంది. ఆ అంకె ఎట్లా పుట్టింది, ఎంత ముక్కను విరిచారు, ఏ ఆకారంలో కోశారు, తడిపి విరిచారా ఎండబెట్టి విరిచారా, ఎన్ని ముక్కలు విరిచి ఎన్నింటి ఫలితం చూపారు అని అడిగేవారు అరుదు. ఈ ప్రశ్నలకు సమాధానం జతపడని అంకె అర్ధసత్యం మాత్రమేనని, అట్టి అంకెను కళాశాలలలో గాని కచేరీలలో గాని స్వీకరించరాదని మా అభిప్రాయం.

మొదట మాటల సంగతి తేల్చుకోవడం మంచిది. గట్టి రాయి అని మనం అన్నప్పుడు ఆ గట్టితనంలో వేర్వేరు గుణాలను కలగాపులగం చేస్తుంటాం. ఒక ఖనిజం మరొక ఖనిజాన్ని గీయగలగడం కాఠిన్యం. 1812లో మోస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు దీనికి 10 మెట్ల కొలబద్ద ఏర్పరచాడు. సున్నపురాతిలోని కాల్సైటు అందులో 3వ మెట్టు, గ్రానైటులోని ఫెల్స్‌పార్ 6వ మెట్టు, పలుగురాయి 7వ మెట్టు. ఒక వస్తువు ఎంత భారం మీద పెడితే విరుగుతుందన్నది మరొక ప్రశ్న, అది బలం. ఉర్దూలోని సఖ్తీ, మజ్బూతీ అనే మాటలు ఈ భేదాన్ని చక్కగా పట్టి ఇస్తాయి. గ్రానైటుకు ఉర్దూలో సంగ్-ఎ-ఖారా అని పేరు. ఉర్దూ కవులు కరుణలేని ప్రియురాలిని సంగ్‌దిల్ అని నిందిస్తారు, మనవారు రాతిగుండె అంటారు. ఆ నింద కాఠిన్యాన్ని గురించినదా, బలాన్ని గురించినదా అన్నది మా సాహిత్య విభాగాల మిత్రులు తేల్చవలసిన విషయం. ఇక్కడ మనకు కావలసింది బలం, అందులోనూ రెండు వైపుల నుంచి నొక్కినప్పుడు తట్టుకొనే బలం. దీనినే సంపీడన బలం అంటున్నాం.

దీని నిర్వచనం చాలా సులభం. రాతి ముక్కను రెండు ఉక్కు పలకల మధ్య నిలిపి, అది విరిగే వరకు భారం పెంచి, విరిగిన క్షణాన ఉన్న భారాన్ని ముక్క అడ్డుకోత వైశాల్యంతో భాగిస్తే వచ్చేదే సంపీడన బలం. చదరపు మిల్లీమీటరుకు ఒక న్యూటన్ అయితే దానిని ఒక మెగాపాస్కల్ అంటారు. పాత లెక్కలో చదరపు సెంటీమీటరుకు సుమారు 10.2 కిలోగ్రాములు. గ్రానైటుకు సాధారణంగా 100 నుంచి 250 మెగాపాస్కళ్ల వరకు చెబుతారు. ఇసుకరాళ్లలో 20 దాటనివీ ఉన్నాయి, 150 దాటినవీ ఉన్నాయి. ఇండ్లకు వాడే ఎం-25 కాంక్రీటు నుంచి 28 రోజులకు మనం ఆశించేది 25 మెగాపాస్కళ్లు మాత్రమే. 54 మిల్లీమీటర్ల వ్యాసం గల గ్రానైటు స్తూపం, అంటే అరచేతిలో ఇమిడే ముక్క, 150 మెగాపాస్కళ్ల బలం గలదైతే విరగడానికి సుమారు 35 టన్నుల భారం కావాలి. మన కళాశాలలలో సాధారణంగా కనిపించే 2000 కిలోన్యూటన్ల యంత్రం కాంక్రీటు దిమ్మెల కోసం తెప్పించినది. కాంక్రీటుకు వాడే 150 మిల్లీమీటర్ల దిమ్మె కొలతలోనే ఇదే గ్రానైటును కోసి అందులో పెడితే 3375 కిలోన్యూటన్లు కావలసి వస్తుంది. విరగవలసిన రాయి విరగదు, విరగకూడని యంత్రానికి ప్రమాదం. కనుక రాతి విషయంలో చిన్న ముక్కలే శరణ్యం. అక్కడి నుంచే చిక్కులు మొదలవుతాయి.

ఈ చిక్కులు కొత్తవి కావు. 1770 ప్రాంతంలో పారిస్ నగరంలో సెంట్ జనెవియేవ్ చర్చి కడుతున్నారు. తరువాత పాంథియాన్‌గా ప్రసిద్ధి చెందిన కట్టడం అదే. దాని స్తంభాలు పైనున్న గుమ్మటపు భారాన్ని మోయగలవా అన్న వివాదం బయలుదేరింది. గోతే అనే ఫ్రెంచి ఇంజనీరు తులాదండపు సూత్రం మీద ఒక యంత్రం తయారు చేయించి రాతి ముక్కలను విరిచి చూచాడు. రాతిని విరిచి బలం కొలిచిన యంత్రాలలో చరిత్రకు తెలిసిన తొలి యంత్రం అదేనంటారు. ఆయనకు అప్పుడే ఒక విచిత్రం ఎదురైంది. అదే రాయి ఘనాకారంలో ఉన్నప్పుడు ఎక్కువ బలం చూపింది, పొడవుగా ఉన్నప్పుడు తక్కువ చూపింది. రాయి మారలేదు, ఆకారం మారింది, అంకె మారింది. రెండున్నర శతాబ్దాల క్రితమే తెలిసిన ఈ సంగతి నేటికీ అనేక పరీక్షా పత్రాలలో చోటు చేసుకోకపోవడం విచారకరం.

ఆకారం ఎందుకు ప్రభావం చూపుతుంది? నొక్కుడుకు లోనైన రాయి పక్కలకు ఉబ్బడానికి ప్రయత్నిస్తుంది. కాని దాని పై అంచు, కింది అంచు ఉక్కు పలకలకు ఆనుకొని ఉన్నాయి. ఆ ఒరిపిడి రాయిని పక్కలకు కదలనీయకుండా బిగించి పట్టుకొంటుంది. పొట్టి ముక్కలో ఈ బిగింపు మధ్య భాగం వరకు పాకుతుంది, కనుక ముక్క తన సొంత బలం కంటే ఎక్కువ భారాన్ని మోసినట్లు కనిపిస్తుంది. పొడవైన ముక్కలో నడుమ భాగం స్వేచ్ఛగా ఉంటుంది. ఘనాకారపు ముక్క విరిగిన తరువాత చూస్తే పక్కలు రాలిపోయి, మొనలు కలిసిన రెండు గోపురాలుగా, డమరుకం ఆకారంలో మిగలడానికి కారణం ఈ బిగింపే. భారతీయ ప్రమాణాల సంస్థ 1974లో ప్రకటించిన ఐ.ఎస్. 1121 మొదటి భాగం కట్టడపు రాళ్ల కోసం ఎత్తు, వెడల్పు సమానంగా ఉన్న ముక్కలను తీసుకొన్నది. అదే సంస్థ 1979లో ప్రకటించిన ఐ.ఎస్. 9143 శిలాయాంత్రిక శాస్త్రానికి సంబంధించినది. అంతర్జాతీయ శిలాయాంత్రిక సంఘం అదే సంవత్సరం సూచించిన పద్ధతి ఎత్తు వ్యాసానికి రెండున్నర నుంచి మూడు రెట్లు ఉండాలంటుంది. ఒకటి భవన నిర్మాత అవసరానికి, మరొకటి సొరంగం తవ్వేవాని అవసరానికి పుట్టినవి. రెండూ మంచివే. కాని ఒకదాని అంకెను మరొకదాని అంకెతో పోల్చడం మంచిది కాదు. ఆకారం మారినప్పుడు లెక్కను సవరించడానికి ఒక సూత్రం ఉన్నది. వెడల్పును ఎత్తుతో భాగించి, దానిని 0.222తో గుణించి, 0.778 కలపాలి, వచ్చినదానితో ముక్క చూపిన బలాన్ని భాగిస్తే ఘనాకారపు ముక్కకు సమానమైన బలం వస్తుంది. వెడల్పుకు రెండింతల ఎత్తు గల ముక్క 160 మెగాపాస్కళ్లు చూపితే ఘనం లెక్కలో అది 180. ఒకే రాయి, ఒకే యంత్రం, ఒకే రోజు. తేడా మాత్రం 20. సరుకు అమ్మేవానికి ఏ అంకె రుచిస్తుందో వేరుగా చెప్పనక్కరలేదు.

ముక్కను తయారు చేయడం పరీక్ష కంటే కష్టమైన పని. వజ్రపు పొడి పొదిగిన గొట్టంతో కోరు తీయాలి, వజ్రపు రంపంతో రెండు కొసలు కోయాలి, తరువాత అరగదీయాలి. కొసల సమతలంలో 0.02 మిల్లీమీటరుకు మించి ఎగుడుదిగుడు ఉండరాదని అంతర్జాతీయ సంఘం సూచన. ఇది తల వెంట్రుక మందంలో మూడోవంతుకు కూడా రాదు. కొస నునుపు లేదని గంధకమో ప్లాస్టరో పూసి సరిపెట్టడాన్ని ఆ సూచన అంగీకరించదు. ముక్క వ్యాసం రాతిలోని అతిపెద్ద రవ్వకు కనీసం 10 రెట్లు ఉండాలి. ఫెల్స్‌పార్ పలుకులు వేలి గోరంత పెద్దవిగా మెరిసే మన గులాబి గ్రానైటులకు ఈ నిబంధనను పాటించాలంటే మామూలు 54 మిల్లీమీటర్ల కోరు చాలదు. ఈ నియమాలను చాదస్తమని కొట్టిపారేసే వారున్నారు. అది చాదస్తం కాదు. కొసలో చిన్న మిట్ట ఉంటే భారమంతా మొదట దాని మీదనే పడుతుంది, ముక్క అక్కడి నుంచి చీలుతుంది, రాతి బలానికి బదులు మన పనితనపు లోపం అంకెగా నమోదవుతుంది. ఇంకొక మాట. రాతిని కోసేటప్పుడు, అరగదీసేటప్పుడు నీరు ధారగా పడుతూ ఉండాలి. పలుగురాతి ధూళి ఊపిరితిత్తులలో చేరితే వచ్చే సిలికోసిస్ నయమయ్యే జబ్బు కాదు. రాళ్ల క్రషర్ల దగ్గర పనిచేసే కూలీలకు వర్తించే ఈ జాగ్రత్త ప్రయోగశాల సహాయకునికీ వర్తిస్తుంది.

నీటి ప్రభావం మరొక అధ్యాయం. కాల్‌బాక్, వీడ్ అనే ఇద్దరు పరిశోధకులు 1965లో దక్షిణాఫ్రికా ఇసుకరాతిని, పలకరాతిని పరీక్షించి, నీటితో పూర్తిగా నిండినప్పుడు వాటి బలం పొడిగా ఉన్నప్పటి బలంలో సుమారు సగానికి పడిపోతుందని చూపారు. గ్రానైటులో రంధ్రాలు అతి స్వల్పం గనుక అంత పతనం ఉండదు గాని, బంకమట్టి కలిసిన రాళ్లలో, పగుళ్లు పట్టిన రాళ్లలో తేడా కొట్టవచ్చినట్లు ఉంటుంది. ఐ.ఎస్. 1121 ఈ సంగతి గుర్తించే 72 గంటలు నీటిలో నానబెట్టిన ముక్కలను, 105 డిగ్రీల వేడిలో 24 గంటలు ఆరబెట్టిన ముక్కలను వేర్వేరుగా విరవమని చెప్పింది. మన నేల మీద ఎనిమిది నెలలు ఎండ, నాలుగు నెలలు వాన. కాలువ గట్టుకు, వంతెన పునాదికి, బావి వరుసకు వాడే రాయి ఎండిన స్థితిలో చూపిన బలం ఎంత గొప్పదైతే మాత్రం ఏమి ప్రయోజనం? అయినా పత్రాలలో కనిపించే అంకె చాలసార్లు ఏ స్థితికి సంబంధించినదో తెలియదు.

భారం పెంచే వేగం కూడా అంకెను మారుస్తుంది. గబగబా నొక్కితే రాయి ఎక్కువ బలం చూపుతుంది, నిదానంగా నొక్కితే లోపలి సన్నని పగుళ్లు పెరగడానికి వ్యవధి దొరికి తక్కువ చూపుతుంది. అందువల్లనే 5 నుంచి 10 నిమిషాలలో ముక్క విరిగేట్లు భారం పెంచాలని అంతర్జాతీయ పద్ధతి, నిమిషానికి చదరపు సెంటీమీటరుకు 140 కిలోగ్రాముల చొప్పున పెంచాలని మన ప్రమాణం నిర్దేశించాయి. యంత్రం సంగతి ఇంకా విచిత్రం. గ్రానైటు ముక్క తుపాకి పేలినట్లు పేలడం చూచిన విద్యార్థులు అది రాతి స్వభావమనుకొంటారు. నిజానికి భారం పెరిగేకొద్దీ యంత్రపు కంబాలు కూడా స్ప్రింగులవలె సాగి శక్తిని నిలవ చేసుకొంటాయి. రాయి లొంగిన క్షణంలో ఆ శక్తి అంతా దాని మీద విరుచుకొని పడుతుంది. 1960ల నుంచి బిగువైన యంత్రాలు, ఆ తరువాత విద్యుత్ నియంత్రణ గల యంత్రాలు వచ్చి, పేలకుండా మెల్లగా విరిగే గ్రానైటును కూడా మనుషులు చూడగలిగారు.

ఇంత చర్చ అవసరమా, గ్రానైటు ఎట్లా కొలిచినా మన అవసరానికి మించిన బలమే గదా అని ఒక ఆక్షేపణ రావచ్చు. కట్టడాల వరకు ఈ ఆక్షేపణలో చాలా నిజం ఉన్నది. 150 మెగాపాస్కళ్ల గ్రానైటును నిలువుగా పేర్చుకొంటూ పోతే తన బరువుకు తానే నలిగిపోవడానికి స్తంభం 5 కిలోమీటర్లకు పైగా ఎత్తు ఉండాలి. 50 మీటర్ల గోడ అడుగున పడే ఒత్తిడి 1.3 మెగాపాస్కళ్లే. కట్టడాలు కూలేది రాయి నలిగి కాదు. సున్నం వదిలి, పునాది కుంగి, దూలం మధ్యకు విరిగి కూలుతాయి. నొక్కుడుకు అంత బలం చూపే గ్రానైటు లాగుడుకు అందులో పదోవంతు నుంచి ఇరవయ్యోవంతు మాత్రమే తట్టుకొంటుంది. ఈ రహస్యం యంత్రాలు లేని కాలంలోనే మన శిల్పులకు తెలుసు. 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడిలో స్తంభాలు అంత దగ్గర దగ్గరగా నిలవడానికి ఒక కారణం వాటి మీద అడ్డంగా పరిచిన రాతి దూలాలే. దూలం వంగితే దాని అడుగు భాగం లాగుడుకు లోనవుతుంది. 1591లో వెలసిన చార్మినారు నాలుగు కమానులు ఒక్కొక్కటి సుమారు 11 మీటర్ల వెడల్పున తెరుచుకోగలిగాయంటే కమానులోని ప్రతి రాయీ పక్కరాతిని నొక్కుతూ నిలవడమే కారణం. దూలం, కమాను రెండూ మన సొత్తే. రెండింటినీ కట్టినవారు రాతి బలహీనతను ఎరిగిన వారు.

అంతెందుకు, గుట్ట మీద పనిచేసే వడ్డెర పనివాని నేర్పు చూడండి. వరుసగా చిన్న గుంటలు తొలిచి, వాటిలో ఇనుప చీలలు దిగేసి, ఒక్కొక్కదాని మీద సమ్మెటతో కొట్టుకొంటూ పోతాడు. కాసేపటికి కొలిచి గీత గీసినట్లు బండ రెండుగా విడిపోతుంది. మన యంత్రంలో 35 టన్నులకు గాని లొంగని రాయి అతని చేతిలో అట్లా లొంగడానికి కారణం అతడు దానిని నొక్కడం లేదు, విడదీస్తున్నాడు. అంతేగాక రాయి ఏ దిక్కున సులభంగా విడుతుందో చేతితో తడిమి, సుత్తి మోత విని చెప్పగలడు. మన పరీక్షా పత్రంలో ముక్కను ఏ దిక్కుగా కోశారన్న గడియే ఉండదు. అతనికి తెలిసినంత కూడా మన పత్రానికి తెలియదనడం అతిశయోక్తి కాదు.

అంకె నిజంగా ప్రాణాల మీదకు వచ్చేది భూగర్భంలో. సొరంగంలో, గనిలో మన నెత్తిమీద ఉండేది చేతిలో ఇమిడే ముక్క కాదు, కొండ. ముక్క పెద్దదయ్యేకొద్దీ బలం తగ్గుతుంది. పెద్ద ముక్కలో బలహీనమైన పగులు ఉండే అవకాశం ఎక్కువ గదా. హోక్, బ్రౌన్ అనే శాస్త్రజ్ఞులు 1980లో ఇచ్చిన సూత్రం ప్రకారం 50 మిల్లీమీటర్ల వ్యాసం గల ముక్క 150 మెగాపాస్కళ్లు చూపితే, 200 మిల్లీమీటర్ల ముక్క నుంచి సుమారు 117 మాత్రమే ఆశించాలి. కొండకు వచ్చేసరికి అతుకులు, పగుళ్లు, వాటిలోని మట్టి, నీరు రాజ్యమేలుతాయి. శిలాసముదాయాన్ని 100 మార్కులకు అంచనా కట్టే బీనియావ్‌స్కీ పద్ధతి ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది. అందులో ముక్క సంపీడన బలానికి కేటాయించినవి 15 మార్కులే. మిగిలిన 85 పగుళ్ల సంఖ్యకు, ఎడానికి, స్థితికి, నీటికి చెందినవి. 15 మార్కుల ప్రశ్న ఒక్కటి వ్రాసి విద్యార్థి పరీక్ష గట్టెక్కలేడని మనకు తెలుసు. కొండ గట్టెక్కుతుందని ఎట్లా నమ్ముతున్నాము?

నల్లమల కొండల కింద తవ్వుతున్న శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో 2025 ఫిబ్రవరి 22న జరిగిన ఘోరం పాఠకులు మరచి ఉండరు. దోమలపెంట వైపు పైకప్పు కూలి, నీరు, బురద, రాళ్లు ఒక్కసారిగా వచ్చి పడి 8 మంది చిక్కుకొనిపోయారు. ఒక్కరినీ ప్రాణాలతో బయటకు తేలేకపోయారు. ఆ దుర్ఘటనకు కారణాలను, బాధ్యతలను నిర్ణయించడం మా పని కాదు, అందుకు నిపుణులున్నారు. మేము చెప్పదలచినది ఒక్కటే. ఆ కొండలలో ఉన్నవి యంత్రపు పళ్లను అరగదీసే క్వార్ట్‌జైటు వంటి కఠినశిలలు. అట్టి శిల నుంచి పగులు లేని ముక్క తీసి విరిస్తే గొప్ప అంకెలే వస్తాయి. కాని కొండలో నీరూరే పగుళ్ల పట్టీ ఉన్నదా లేదా అన్న ప్రశ్నకు ఆ అంకెలలో ఎక్కడా సమాధానం లేదు. పగిలిన చోట కోరు ముక్కలుగానే బయటకు వస్తుంది, ముక్కలైన దానిని పరీక్షకు కోయలేము, కోయలేనిదానికి అంకె లేదు. అంటే కొండలోని బలహీనమైన భాగం పరీక్షకు హాజరు కాకుండానే తప్పించుకొంటుంది.

బొగ్గు గనుల అనుభవం ఇట్టిదే. 1960 జనవరి 21న దక్షిణాఫ్రికాలోని కోల్‌బ్రూక్ గనిలో పైకప్పును మోయడానికి వదిలిన బొగ్గు స్తంభాలు వరుసగా కుప్పకూలి నాలుగు వందల మందికి పైగా మరణించారు. ఆ తరువాత సాలమన్, మన్రో అనే పరిశోధకులు ప్రయోగశాల ముక్కల మీద ఆధారపడక, గనులలో నిలిచినవీ కూలినవీ కలిపి 125 స్తంభాల ఉదంతాలను పరిశీలించి 1967లో ఒక సూత్రం ప్రకటించారు. ఒక మీటరు ఘనానికి వారు తేల్చిన బలం సుమారు 7.2 మెగాపాస్కళ్లు. ప్రయోగశాలలో విరిచే చిన్న బొగ్గు ముక్కలు దీనికి ఎన్నో రెట్లు చూపుతాయి. గోదావరి లోయలోని బొగ్గు గనులలో కూడా స్తంభాలను వదిలి తవ్వే పద్ధతి ఉన్నది గనుక ఈ సంగతి మనకు దూరపు వార్త కాదు.

ఇక ఫలితాల ప్రకటనలో జరిగే మాయ ఒకటి ఉన్నది. ఉదాహరణకు ఐదు ముక్కలు విరిచామనుకొందాం. 182, 174, 168, 131, 120 వచ్చాయనుకొందాం. సగటు 155. చివరి రెండు ముక్కలలో ఏదో లోపం ఉండి ఉంటుందని వాటిని పక్కన పెడితే సగటు 175కు చేరువవుతుంది. లోపం ముక్కలో ఉన్నదా, గుట్టలోనే ఉన్నదా? 120 చూపిన ముక్కలో కంటికి కనిపించని పాత పగులు ఒకటి ఉంటే, గుట్టను గురించి మనకు దొరికిన అత్యంత విలువైన సమాచారం అదే. దానినే మనం చెత్తబుట్టలో వేస్తున్నాము. పత్రంలో సగటుతోపాటు ప్రతి ముక్క ఫలితాన్ని, ఎక్కడి నుంచి తీశారో, ఎట్లా విరిగిందో వ్రాయడానికి మరొక అర పేజీ కాగితం చాలు. తవ్వకం పనులలో మెత్తరాయికి ఒక ధర, మందుపాతర పెట్టి పేల్చవలసిన గట్టిరాయికి మరొక ధర ఉంటాయని, ఆ రెండింటి మధ్య గీత ఎక్కడన్న తగవు తరచు మధ్యవర్తుల దాకా పోతుందని పాఠకులకు తెలిసినదే. అట్టి తగవులో అర పేజీ సమాచారం విలువ లక్షలలో ఉంటుంది.

చౌక పద్ధతులు లేవా అంటే ఉన్నాయి. కోయకుండా, అరగదీయకుండా, రాతి ముక్కను రెండు మొనల మధ్య బిగించి విరిచే బిందుభార పరీక్ష అట్టిది. దాని ఫలితాన్ని 24తో గుణిస్తే సంపీడన బలం వస్తుందని విద్యార్థులు వల్లిస్తారు. అంతర్జాతీయ సంఘం 1985లోనే ఈ గుణకం సగటున 20 నుంచి 25 అని, రాతి రకాన్ని బట్టి 15 నుంచి 50 వరకు మారవచ్చునని హెచ్చరించింది. బిందుభార సూచిక 7 వచ్చిందనుకొంటే 24 లెక్కన 168 మెగాపాస్కళ్లు, 15 లెక్కన 105, 50 లెక్కన 350. కాంక్రీటు కోసం స్విట్జర్లాండులో ష్మిట్ కనిపెట్టిన ఎగురుడు సుత్తిని రాతి మీద వాడటం కూడా ఇట్టిదే. ఈ పరికరాలను మేము నిరసించడం లేదు. వంద చోట్ల త్వరగా చూచి ఏ చోటు బలహీనమో పట్టుకోవడానికి ఇవి ఖరీదైన యంత్రం కంటే మేలు. అభ్యంతరమల్లా, సుత్తి చెప్పిన మాటను గుణకంతో హెచ్చించి, యంత్రం చెప్పినట్లు పత్రంలో వ్రాయడం మీదనే.

అంకె లేకుండా ఇంజనీరు పని చేయలేడు, షరతులు చదువుతూ కూర్చొంటే వంతెన లేవదు అని అనుభవజ్ఞులు అంటారు. ఆ మాటను మేము గౌరవిస్తాము. ఒక క్వారీ రాయిని మరొక క్వారీ రాయితో పోల్చడానికి, తొలిచే యంత్రాన్ని ఎంపిక చేయడానికి సంపీడన బలాన్ని మించిన సులభమైన కొలత మరొకటి లేదు. అందువల్లనే ఆ కొలత శుద్ధంగా ఉండాలని కోరుతున్నాము. బంగారం తూచేవాడు త్రాసును చూపించినట్లు రాయిని తూచేవాడు కూడా తన త్రాసును చూపించాలి.

మా సూచన పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ప్రస్తుతం అనేక కళాశాలలలో ప్రయోగశాల సహాయకుడు కోసి ఉంచిన ముక్కను విద్యార్థులు యంత్రంలో పెట్టి, మీట నొక్కి, అంకె వ్రాసుకొని వెళ్లిపోతున్నారు. వచ్చే సంవత్సరం నుంచి భూగర్భశాస్త్రం, సివిల్ ఇంజనీరింగు విద్యార్థులు ఇద్దరిద్దరు జతగా చేరి, ముక్కను తామే కోసి, తామే అరగదీసి, తామే కొలవాలి. మొదటి పరీక్షకు ఇంటి నేలకు పరిచే తాండూరు బండను, కడప బండను, మన ఊరి గ్రానైటును తీసుకొంటే సరిపోతుంది. ఒక్కొక్క రాతికి పది ముక్కలు. ఐదింటిని 72 గంటలు నానబెట్టి, ఐదింటిని ఆరబెట్టి విరవాలి. బండల మందం చాలనప్పుడు ఎత్తు తక్కువైన ముక్కలతో సరిపెట్టి, ఆ సంగతి పట్టికలో వ్రాసి, సవరణ సూత్రం వాడాలి. ముప్పై అంకెలనూ, తీసివేతలు లేకుండా, ఏ ముక్క ఎట్లా విరిగిందో తెలిపే చిత్రాలతోసహా వచ్చే సంచికలో తెలుగులోనూ ఉర్దూలోనూ ప్రకటించడానికి సంపాదక వర్గం రెండు పుటలు కేటాయించవలసిందిగా కోరుతున్నాము.